గొట్టం అక్క చెవి

ఆ ప్రసూతి ఆసుపత్రిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్లెవరూ మిగల్లేదు. గర్భిణుల పొట్ట మీద చెక్క గొట్టం ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి లోపలి బిడ్డ గుండె వినే నర్సు కాబట్టి అందరికీ గొట్టం అక్క. యంత్రాలు వచ్చాక కూడా డాక్టరమ్మ ముందుగా ఆమెనే అడిగేది. కరెంటు పోతే యంత్రం పోతుందేమో గానీ మా అక్క చెవి పోదని వచ్చినవాళ్లకల్లా గొప్పగా చెప్పేది.

చెవి పోతోందని అక్కకు మాత్రమే తెలుసు.

ముందు గోడ గడియారం చప్పుడు మానేసింది. తర్వాత కుళాయి కట్టకుండా వదిలేసి, గదంతా నీళ్లు చూసుకుని నాలిక కరుచుకోవడం మొదలైంది. ఆమెది ఒంటి గది కాపురం. పలకరించే మనిషే లేని ఇంట్లో వినపడకపోవడం ఎవరు కనిపెడతారు? చెల్లెలు అప్పుడప్పుడు ఫోన్ చేసేది. తను అడిగేదొకటి, అక్క చెప్పేదొకటి అవుతుంటే, నీకు మా మీద ధ్యాసే లేదని నిష్ఠూరమాడి ఆ ఫోనూ తగ్గించేసింది. "నువ్విప్పుడు వట్టి మనిషివి కాదు, మెల్లగా దిగు" అని రోజంతా గర్భిణులకు జాగ్రత్తలు చెప్పే అక్క, సాయంత్రం తాళం తీసి లోపలికెళితే వట్టి మనిషే. గొట్టం చివర వినిపించే చప్పుడొక్కటే ఆమెకు దక్కే సావాసం. అదీ పోతే ఇంకేముందన్న భయంతో నోరు మెదపలేదు. అనుమానం వచ్చినప్పుడల్లా ఏదో వంకతో యంత్రం పెట్టించి నెట్టుకొస్తోంది.

చెవి సంగతి మొదటినుంచీ విచిత్రమే. పిండం పెసరగింజంత ఉన్నప్పుడే గుండె కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అప్పటికి దానికి మొహమంటూ లేదు, ఇక చెవులెక్కడివి? వినే చెవులు రావడానికి తొమ్మిది నెలల్లో సగం గడవాలి. వచ్చాక మాత్రం నిశ్శబ్దమన్నదే ఉండదు: తల్లి గుండె, నెత్తురు పరుగు, పేగుల గొణుగుడు, వాటి మీదుగా తల్లి మాట. ఒంటరితనం పుట్టాకే పట్టుకుంటుంది కాబోలు. గొట్టానికి ఆ కొసన చెవులు తెరుచుకుంటుంటే, ఈ కొసన మూసుకుపోతున్నాయి.

ఒక మధ్యాహ్నం కింది అంతస్తు కుట్టుషాపు అమ్మాయి, అత్తగారితో కలిసి మెట్లెక్కి వచ్చింది. ఎనిమిదో నెల. పొద్దుటి నుంచి బిడ్డ కదల్లేదంది.

"మిషను తొక్కకే అంటే వింటేనా? ఆ ఊపుకి హాయిగా పడుకునుంటాడు. పని ఎగ్గొట్టడంలో అచ్చం మావాడి పోలికే," అని అత్తగారు నవ్వింది గానీ, కోడలి చెప్పులు తన చేతిలోనే ఉన్నాయన్న సంగతి మరిచిపోయింది.

అక్క గొట్టం ఆనించి, అమ్మాయి మణికట్టు పట్టుకుంది. ఆ నాడితో కలిసి వస్తే తల్లి చప్పుడు. కలవకుండా పరుగుగా వస్తే బిడ్డది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వినిపించింది. నాడితో కలవలేదు. పరుగుగానే ఉంది.

"ఉంది. బాగానే కొట్టుకుంటోంది," అంది.

అత్తగారు చెప్పులు కింద పెట్టింది. అక్క గొట్టం మీంచి చెవి తీసింది.

చప్పుడు ఆగలేదు.

అది తన గుండె. భయపడేకొద్దీ వేగం పెంచి, బిడ్డ గుండెలా నటించింది. అమ్మాయి అప్పటికే మంచం దిగడానికి కాలు చాపుతోంది. యంత్రమేమో డాక్టరమ్మ దగ్గర, ఆపరేషన్ గదిలో ఉంది. వంకలకు ఆ తలుపు తెరుచుకోదు.

"దిగకమ్మా. నాకేమీ వినపడలేదు. నా చెవులు పోయాయి."

ఎప్పట్నుంచి అని అత్తగారు అడిగింది. ఆ ప్రశ్ననూ పెదాలు చూసే పోల్చుకుని, చాన్నాళ్లయిందని చెప్పింది. వెళ్లి ఆపరేషన్ గది తలుపు బాది, అదే మాట అక్కడా చెప్పింది. మాస్కు వెనక డాక్టరమ్మ ఏమందో తెలియలేదు. చిన్న నర్సు మాత్రం యంత్రం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

పొట్ట మీద అటూ ఇటూ వెతికి వెతికి, పక్కటెముకల కింద ఒకచోట ఆపింది. అక్క పొట్టవైపు చూడలేదు, మొహాలవైపు చూసింది. అత్తగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని కూలబడింది. అమ్మాయి ఏడుస్తూ నవ్వింది. బిడ్డ బతికే ఉందని అలా తెలిసింది.

అమ్మాయి ఏదో అడిగింది. అక్క వంగేసరికి మళ్లీ అడిగింది.

"మీకు వినిపిస్తోందా అక్కా?"

"లేదమ్మా. ఎలా ఉందో చెప్పు."

అమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది. అంతలోనే ఆ చప్పుడుకు మొహం యంత్రంవైపు తిరిగిపోయింది. పెదాలు కనపడలేదు. కదులుతున్న చెంపను చూస్తూ అక్క నిలబడింది.