అవతలి ఒడ్డున వండిన కూర

నా చిన్నప్పుడు మా బాపు, అంటే మా నాన్న, శామీర్‌పేట చెరువులో పుట్టి మీద చేపలు పట్టేవాడు. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున తారు పూసిన ఆ పుట్టిని ఒక్కదాన్నే నడపాలని నాకు మహా పిచ్చి. ఆడపిల్లకు తెడ్డెందుకని వాడకట్టంతా నవ్వేది.

బాపు మాత్రం నవ్వలేదు. తొలకరి రోజుల్లో ఒక పొద్దున నా చేతికి తెడ్డిచ్చి, ఒక సత్తు గిన్నె కూడా ఇచ్చాడు. అందులో గుప్పెడు బియ్యం, ఉప్పు, కారం, అగ్గిపెట్టె ఉన్నాయి.

"ఆ ఒడ్డుకు పో బిడ్డా. కూర ఆడనే ఏరుకొని వండు. నువ్వు తిని నాకింత తే. గాలి లేస్తే నీళ్లతోని కొట్లాడకు, పడేదాంక కూసో," అన్నాడు. భయపడి కేకేస్తే ఈదుకుంటూ వచ్చేస్తానన్నాడు. అలా వస్తే మాత్రం ఇక పుట్టి మాట ఎత్తకూడదట.

నీళ్లు కదలకుండా ఉండడంతో అవతలి ఒడ్డు సులువుగానే చేరాను. అక్కడ తుప్పలు, ఈత చెట్లు తప్ప మనిషి జాడ లేదు. భయం పోవడానికి నాతో నేనే గట్టిగా మాట్లాడుకుంటూ నీటి అంచున పొన్నగంటి కూర తెంపాను. కొంచెం చింతచిగురు కూడా దొరికింది. మూడు రాళ్లు పెట్టి, ఎండు ఈత కమ్మలు ముట్టించి, అన్నం వండి ఆకుల్లోకి తీసి, అదే గిన్నెలో కూర వండాను. అన్నం అడుగంటింది, కూరలో ఉప్పెక్కువైంది. నా వంతు తిని, బాపు వంతు మోదుగాకుల్లో కట్టుకున్నాను.

అప్పటికే గాలి లేచింది. బాపు చెప్పింది మరిచి పుట్టి ఎక్కాను. ఎంత తెడ్డు వేసినా అది గిరగిరా తిరుగుతుందే తప్ప ముందుకు పోదు. దూరంగా ఇవతలి ఒడ్డున బాపు చుక్కంత కనిపిస్తున్నాడు. కేక గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగేసి, దిగి, పుట్టిని పైకి లాగి కూర్చున్నాను. ఈత పండ్లు ఏరుకు తింటూ, కొంచెం ఏడుస్తూ, చాలాసేపు అలాగే ఉన్నాను. పొద్దు వాలాక గాలి పడింది. మెల్లగా తిరిగి వచ్చాను.

బాపు ఎదురొచ్చి పుట్టిని ఒడ్డుకు లాగాడు. చేతులు కడుక్కొని మూట విప్పాడు. పక్కనే నిలబడ్డ, మేం అవ్వ అని పిలిచే అమ్మ విసుక్కుంది.

"పొద్దుగాల్నించి ఏం ముట్టలే నీ బాపు. నేను జొన్న గటక తెచ్చి పెడితే, బిడ్డ తెస్తదని పక్కకు నూకిండు."

ఆ మాడిన మెతుకులు, ఉప్పు కూర బాపు ఒక్కటి మిగల్చకుండా తిన్నాడు. నాకు మళ్లీ ఏడుపొచ్చింది, కానీ అది వేరే ఏడుపు. నన్ను అంతగా నమ్మిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఇప్పుడు మేం పట్నంలో, సుచిత్రలో ఉంటున్నాం. నా మనవరాలు టెంటు సంచీలో కుక్కుకొని ఒక్కతే అడవులకు పోతుంటుంది. ఇంట్లో అందరూ పరేషాన్ అయి ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. నాకూ భయంగానే ఉంటుంది, అయినా చేయను. ఆ అడవిలో దొరికింది నాకింత తెమ్మని చెప్పి పంపుతాను. తిరిగొచ్చే రోజు కోడలు కంచం పెడితే, తర్వాత తింటానంటాను. ఈ వయసులో ఆకలికి ఆగడం కష్టమే. అయినా అది వచ్చి, తెచ్చింది నా చేతిలో పెట్టేదాకా తినను.