సుబ్బులు నాలుగో బంతి

మా సుబ్బులుకి కోపం రాదు. అదే నాకు కోపం. మనిషన్నాక ఎవరైనా ఒక మాటంటే తిరిగి ఒక మాట అనాలా వద్దా? కాబోయే వియ్యంకుడు వీరభద్రంగారు అల్ఫారెట్టా నుంచి ఫోన్ చేసి, "చెల్లెమ్మా, రిసెప్షన్‌కి నాలుగొందల మందెందుకు? వందకి కుదించండి, క్లాస్‌గా ఉంటుంది. కేటరింగ్‌లో సగం నేను పే చేస్తాను" అన్నాడు. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ, "లేదన్నయ్యగారూ, నాలుగొందలే. భోజనాలు నావి" అని ఫోన్ పెట్టేసి మళ్ళీ కాయలు అందుకుంది. నేనైతే ఆయన్ని ఉతికి ఆరేసేదాన్ని.

నా పేరు రేణు. ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో, సుబ్బులు ఇంటికి నాలుగిళ్ళ అవతల మా ఇల్లు. ఆవిడ ఎలిమెంటరీ స్కూల్ కెఫెటేరియాలో పనిచేస్తుంది. రోజూ ఆరొందల మంది పిల్లలకి లంచ్. వాళ్ళాయన కోటేశ్వరరావుగారు తొమ్మిదేళ్ళ కిందట ఆఫీస్‌లోనే గుండె ఆగి పోయారు. అప్పటికి గ్రీన్‌కార్డ్ చేతికొచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే తల్లీకూతుళ్ళు ఆ దుఃఖంలోనే పెట్టెలు సర్దుకోవాల్సొచ్చేది.

ఆయన పోయాక ఇక్కడి తెలుగువాళ్ళం మీల్ ట్రెయిన్ పెట్టాం. ఆన్‌లైన్‌లో ఒక షీట్, అందులో ఎవరి వంతు ఎప్పుడో రాసుకోవడం, ఆ రోజు వండి డబ్బాలు తీసికెళ్ళి సుబ్బులు గుమ్మంలో పెట్టి రావడం. మూడు నెలలు నడిచింది. మొత్తం డెబ్భై కుటుంబాలు. మా ఇంటిది ప్రతి గురువారం.

ఇప్పుడు కూతురు భవిత పెళ్ళి. పిలుపుల లిస్ట్‌లో పేర్లన్నీ ఆ డెబ్భై ఇళ్ళవే, ఆపైన మగపెళ్ళివారు. "వాళ్ళందరూ కూర్చుని తినాలి రేణూ, నేను వడ్డించాలి. ఒక్క ఇల్లు తగ్గినా నాకు పెళ్ళి చేసినట్టు కాదు" అంది. చేతిలో ఉన్నది ఆరు వేల డాలర్లు. కేటరర్ ప్లేట్‌కి ముప్పై రెండు అడిగాడు. లెక్క చెప్పక్కర్లేదు.

"అయితే మనమే వండుదాం, బఫే పెడదాం" అన్నాను.

"బఫే పెడితే మునిగిపోతాం. స్కూల్లో రోజూ చూస్తున్నాగా. తనకి తను వడ్డించుకునేవాడు కళ్ళతో వడ్డించుకుంటాడు, సగం చెత్తబుట్టలో పోస్తాడు. బంతి భోజనాలు పెడదాం. వరసగా కూర్చోబెట్టి మనం వడ్డిస్తే కడుపుకెంత కావాలో అంతే పడుతుంది. కావాలన్నవాడికి మళ్ళీ వేస్తాం."

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఈ కాలంలో, అందులోనూ అమెరికాలో, బంతులేంటే తల్లీ అని మొత్తుకున్నాను. భవిత కూడా, "అమ్మా, సీరియస్‌లీ? మై ఫ్రెండ్స్ వెయిట్ చెయ్యరు" అంది. "చేస్తారు. సాంబారు వాసనొస్తే ఎవరైనా చేస్తారు" అంది వాళ్ళమ్మ.

అద్దె తక్కువని గుడి వెనక హాల్‌ని ఆదివారం మధ్యాహ్నానికి బుక్ చేసింది. ఒక స్వీట్, ఒక పులిహోర, చిక్కుడుకాయ కూర, పప్పు, సాంబారు, గోంగూర, పెరుగు, అంతే. పనీర్ లేదు. గోంగూర మా అందరి పెరళ్ళలో ఆగస్టులో అడవిలా పెరిగి ఉంటుంది, దానికి పైసా ఖర్చులేదు. వస్తామంటూ ఆర్‌ఎస్‌వీపీలు రెండొందల పదే వచ్చాయి. నేను సంబరపడ్డాను. సుబ్బులు నవ్వి, "మనవాళ్ళలో జవాబివ్వనివాళ్ళే ముందొస్తారు. పైగా సమ్మర్, అందరిళ్ళలోనూ అమ్మానాన్నలు దిగి ఉంటారు. పెద్దవాళ్ళని ఇంట్లో కూర్చోబెట్టి పెళ్ళికొస్తారా?" అంది. నాలుగొందలకే బియ్యం తూచింది. ఒక బస్తా ఎక్కువే తెచ్చింది, స్కూల్ అలవాటు.

ఆవిడ చెప్పినట్టే అయింది. పదకొండున్నరకి మొదటి బంతి. నూట పది మంది, బల్లల మీద అరిటాకు బొమ్మ అచ్చేసిన పేపర్ ఆకులు. సుబ్బులు పట్టుచీర కొంగు నడుముకి దోపి అన్నం గిన్నె పట్టుకుంది. ప్రతి ఆకు ముందూ ఆగింది. "బాగున్నారా? మీరు ఆ రోజు దొండకాయ కారం పెట్టి పంపారు, గుర్తుందా?" అంటూ ఒక్కొక్కరినీ పలకరించింది. ఎవరేం వండి పంపారో తొమ్మిదేళ్ళ తర్వాత చెబుతోంది! కొంతమందికి వాళ్ళు వండిందే గుర్తులేదు పాపం. రెండో బంతి, మూడో బంతి సాఫీగా లేచాయి. భవిత ఫ్రెండ్స్ అయితే గోంగూర మూడుసార్లు అడిగారు. చెత్తబుట్టలు దాదాపు ఖాళీ. ఇక మిగిలింది ఓ పాతిక మంది, పిల్లల్ని డ్యాన్స్ క్లాస్ నుంచి తీసుకుని లేటుగా వచ్చినవాళ్ళు. గండం గట్టెక్కిందిరా దేవుడా అనుకున్నాను.

అప్పుడొచ్చాయి పార్కింగ్‌లోకి పెద్ద పెద్ద వ్యాన్లు. దిగుతున్నారు, దిగుతున్నారు, దిగుతూనే ఉన్నారు. నలభై ఏడు మంది. వీరభద్రంగారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఎవరండీ వీళ్ళంతా?" అన్నాను.

"మా ఇంజనీరింగ్ బ్యాచ్ అమ్మా. వాట్సాప్ గ్రూప్‌లో కార్డ్ పెట్టి, తప్పకుండా ఫ్యామిలీతో రండి అన్నాను. మర్యాదకి అన్నాను. నాలుగు గంటల దూరం, హెర్న్‌డన్ నుంచి పొద్దున్నే బయల్దేరి డ్రైవ్ చేసుకొచ్చేస్తారని కలగన్నానా!"

చెప్పేవి శ్రీరంగనీతులు! మా లిస్ట్‌ని వందకి కొయ్యమన్న పెద్దమనిషి, ఎవరొస్తారో కూడా తెలియని గ్రూప్‌ని పిలిచి కూర్చున్నాడు. నా ఒళ్ళు భగ్గున మండింది. నోరు తెరిచాను కూడా. సుబ్బులు నా మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"తిట్లు తర్వాత. అన్నం ఒక్క గిన్నె ఉంది, పాతిక మందికి సరిపోతుంది. కూర, సాంబారు అయిపోయాయి. బియ్యం ఉన్నాయి, టైమే లేదు. నాకు అరగంట కావాలి."

"పిజ్జా ఆర్డర్ చేద్దామే."

"పిజ్జానా? భోజనానికి పిలిచి పిజ్జా పెడతామా? పైగా ఆ పాతిక మందీ మన డెబ్భైలోవాళ్ళు. వాళ్ళకి పెట్టి వీళ్ళని నిలబెడితే వాళ్ళకి ముద్ద దిగుతుందా? అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టు. అన్నీ వడ్డించి, అన్నం మీద నెయ్యి పడి, పెద్దాయనెవరో గోవిందా అనేదాకా ఎవరూ చెయ్యి పెట్టరు. ఆ లోపల ఎంత మెల్లిగా వడ్డిస్తావో నీ ఇష్టం."

అప్పుడర్థమైంది నాకు. బఫేలో ఖాళీ ట్రే దూరం నుంచే కనపడిపోతుంది. బంతిలో ఆలస్యం కూడా మర్యాదే.

నా జన్మలో అంత నెమ్మదిగా పనిచెయ్యలేదు. ముందు ఆకులు. మళ్ళీ మొదటినుంచి నీళ్ళు. మళ్ళీ మొదటినుంచి ఉప్పు, చిటికెడు చిటికెడు, పూజ చేసినట్టు. గోంగూర. ఒక్కొక్క లడ్డు. వీరభద్రంగారి దగ్గరికెళ్ళి, "అన్నయ్యగారూ, మీవాళ్ళని ఒక్కొక్కరినీ అందరికీ పరిచయం చెయ్యండి. తీరిగ్గా" అన్నాను. పళ్ళు కొరికే అన్నాను. ఆయన అందుకున్నాడు. ఒక్కొక్కరికీ ఒక హాస్టల్ కథ. హాలంతా పడీ పడీ నవ్వుతోంది. నేను వంటింటి తలుపు వైపు చూస్తూ పులిహోర గరిటెకి పది మెతుకులు తీస్తున్నాను. లోపల సుబ్బులు రెండు పొయ్యిల మీద అన్నం, మూడోదాని మీద చారు, నాలుగోదాని మీద పప్పులో టమాటాలు.

పన్నెండో హాస్టల్ కథ దగ్గర తలుపు తెరుచుకుంది. పొగలు కక్కుతున్న అన్నంతో సుబ్బులు వచ్చింది. వీరభద్రంగారు కథ మధ్యలో వదిలేసి, కోటు తీసి కుర్చీకి తగిలించి, చారు బకెట్ అందుకున్నాడు. మగపెళ్ళివారు వడ్డించకూడదండీ అని ఎవరో అంటే, "ఊరుకోండి" అని కసిరాడు. డెబ్భై రెండు ఆకుల మీదా అన్నం పడింది, నెయ్యి పడింది, గోవిందా అన్నారు. ఒక్కరికీ ఏమీ తెలియలేదు.

ఆఖర్న ఆయన సుబ్బులు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "వంద చాలన్నాను చెల్లెమ్మా. సిగ్గుగా ఉంది" అన్నాడు. "మీరింకా తినలేదు, కూర్చోండి. చారు చల్లారిపోతుంది" అంది ఆవిడ. అప్పుడు కూడా కోపం రాలేదు చూడండి.

మూడున్నరకి హాల్ ఖాళీ అయింది. నేను బల్లలు తుడుస్తుంటే వచ్చి గుడ్డ లాక్కుని, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ముందు ఆకు వేసింది.

"నువ్వూ కూర్చో, ఇద్దరం తిందాం" అన్నాను.

"ఉండవే. డెబ్భైలో నువ్వొక్కదానివే మిగిలావు."

అన్నం పెట్టింది. చారు పోసింది. ఎదురుగా కూర్చుని నేను కలుపుకోవడం చూస్తూ, "రేణూ, ఆ మూడు నెలలూ మీరెవరు బెల్ కొట్టినా నేను తలుపు తియ్యలేదు. లోపలే నిలబడి ఉండేదాన్ని. మొహం చూపించడానికి ధైర్యం చాలేది కాదు. మీరు వెళ్ళిపోయాక డబ్బాలు తీసుకునేదాన్ని. ఒక్కరిని కూడా లోపలికి రమ్మనలేదు, కూర్చోమనలేదు" అంది.

నేను కలుపుతున్న ముద్ద ఆకులో పెట్టేశాను.

"నాకు తెలుసే. తలుపు పక్క అద్దంలోంచి నీ నైటీ అంచు కనపడేది. అందుకే డబ్బా పెట్టేశాక కూడా కాసేపు అక్కడే నిలబడేదాన్ని."