రువెల్లి క్రీము

రావులపాలెంలో మా కాలేజీ బస్సు ఆగేచోట ఒక ఫ్యాన్సీ కొట్టు ఉండేది. వచ్చినవాళ్ళు సామాను పేరు ఎలా పలికితే, కొట్టు ఆవిడ కూడా అచ్చం అలాగే పలికి చేతికందించేది. ఆవిడకి చదువు రాదని నాకు లోలోపల చిన్నచూపు.

ఓ మధ్యాహ్నం, అరటి మార్కెట్లో గెలలు మోసే ఒకామె వచ్చి, "రువెల్లి క్రీము ఉందాండి?" అంటూ అద్దాల బీరువా వైపు చెయ్యి చాపింది. చేతినిండా అరటి జిగురు మరకలు.

నేను ఊరుకోలేదు. "రువెల్లి కాదండి, రువెల్ అనాలి."

ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీసేసుకుంది. "వద్దులెండి, ఊరికే అడిగాను," అంటూ మెట్టు దిగబోయింది.

"రువెల్లి ఉందండి, రండి. మొన్ననే వచ్చింది," అని కొట్టు ఆవిడ డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టింది.

ఆమె వెళ్ళాక, "అసలు పేరు మీకు తెలీదాండి?" అన్నాను.

"తెలుసమ్మా. కంపెనీ ఆయన చెప్పే వెళ్ళాడు," అంది ఆవిడ, నా వైపు చూడకుండా బీరువా తలుపు మూస్తూ. "పేరు సరిగ్గా పలికితేనే ముఖానికి పడుతుందా ఏంటి?"

పదేళ్ళ తర్వాత, పీక్కుపోయిన బుగ్గలు నిండుగా కనిపించేలా ఫిల్లర్ ఇంజెక్షన్ వేయించుకుందామని రాజమండ్రిలో చర్మం డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. గోడమీద ఫిల్లర్లు చేసే రెండు కంపెనీల పేర్లున్నాయి.

"ఏది మేడమ్?" అంది కౌంటర్లో అమ్మాయి.

ఎలా పలకాలో తెలీక, పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. వేలు పెట్టి చూపించాను.

కౌంటర్లో ఆ రావులపాలెం కొట్టు ఆవిడే ఉంటే, ఎలాగోలా పలికేసేదాన్ని.