నెర్రెలిచ్చిన నల్లరేగడిలో బత్తాయి తోట

ఉద్యానశాఖలో నా చివరి బదిలీ గిద్దలూరు నుంచి వెలిగండ్ల మండలానికి. వరుసగా రెండో ఏడు వానలు మొహం చాటేసిన వేసవి అది. బోర్లు ఎండిన పండ్లతోటలను చూసి, వేటిని ట్యాంకరు నీళ్లతో నిలబెట్టవచ్చో తేల్చడం నాకు అప్పగించిన పని. కాపు కోసం కాక, చెట్టు చావకుండా ఇచ్చే ఆ నీటిని రక్షక తడి అంటాం.

ఆదెమ్మ, చెన్నకేశవులు దంపతులది నల్లరేగడిలో వేసిన బత్తాయి తోట. అప్పుడప్పుడే కాపుకొచ్చింది. నేను వెళ్లేసరికి పాదుల్లోకి ట్యాంకరు నీళ్లు వదులుతున్నారు. నేలంతా చెయ్యి దూరేంత నెర్రెలు. నీళ్లు వాటిలోకే దిగిపోతున్నాయి.

"ఏంది సారూ ఇది? నిన్న పోసినాం, పొద్దున చూస్తే తడే లేదు. యాడికి పోతాండయి నీళ్లు?" అని ఆదెమ్మ అడిగింది.

చెప్పాను. రేగడి మట్టి రేణువులు మరీ సన్నం. వాటి మధ్య నీరు చేరితే నేల ఉబ్బుతుంది, ఆరేకొద్దీ అవి దగ్గరికి లాక్కుంటాయి. పైపొర ముడుచుకుంటుంటే కింద తడి ఉన్న పొర దాన్ని కదలనివ్వదు. ఆ లాగుడుకు నేల చీలుతుంది. చీలికలోంచి వేడిగాలి దూరి ఇంకా లోతుగా ఆరబెడుతుంది.

చెన్నకేశవులు ఒక నెర్రె పక్కన పారతో తవ్వాడు. పీచువేళ్లు తెగి రెండు అంచులకూ వేలాడుతున్నాయి. అతను వాటిని చూపిస్తూ అడిగాడు.

"నేలే చెట్టును తెంపుతాంటే ఇంగ నీళ్లు పోసి ఏం లాభం సారూ?"

నెర్రెలను పొడిమట్టితో పూడ్చి, పాదుల మీద ఎండుగడ్డి కప్పి, కొమ్మలు తగ్గించి, ఉన్న నీళ్లన్నీ సగం చెట్లకే పెట్టమన్నాను. మిగతా సగం చెట్లను వదిలేయాలి.

"ఏవి వదలాల్నో నువ్వే చూపియ్యి సారూ. మా చేత కాదు," అంది ఆదెమ్మ.

వదిలేసే చెట్లకు నేనే సున్నం బొట్టు పెట్టాను. ఆమె మొహం తిప్పుకొని నడిచింది.

చెప్పినవన్నీ చేశారు. ఇంతలో ట్యాంకరు నింపే బోరు కూడా ఎండిపోయింది. మిగిలిన సగం చెట్లూ కొనల నుంచి ఎండుతూ వచ్చాయి. వాన పడేనాటికి తోటలో పచ్చాకు లేదు. ఆ వానకు నేల ఉబ్బి నెర్రెలు మూసుకుపోయాయి. చెన్నకేశవులు మొద్దులు పీకించి, గొర్రెలు తోలుకొని నల్లమల వైపు పోయాడని తరువాత విన్నాను.

నల్లరేగడిలో నెర్రె కనబడిందంటే అప్పటికే వేళ్లు తెగుతున్నాయని అర్థం. పైపొర ఆరుతుండగానే ఎద్దులతో గుంటక తోలి, నెర్రె పడకుండా మట్టిని గుల్ల చేయాలి. రిటైరయ్యేదాకా రైతులకు ఆ మాటే చెబుతూ వచ్చాను. నీళ్లు అసలే లేని ఏట అదీ తోటను బతికించదన్న మాట కూడా దాచలేదు.