గోనె మీద నాలుగు రాళ్ళు

దొంగతనం చేసి, ఆ రోజు సాయంత్రమే మైకు పట్టుకుని, ఊరందరికీ వినబడేలా దానికి దేవుడికి స్తోత్రం చెప్పినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి. ఇదిగో, మీ ఎదురుగా కూర్చుని రెండో టీ తాగుతున్నాడు.

నవ్వకండి. ముందు వినండి. మొన్న శనివారం సంగతి.

ఈ రోజులున్నాయే, వానలు వెనకబట్టి చలి ఇంకా రాని రోజులు, ఏడాది మొత్తంలో నాకివే ఇష్టం. వంశధార గట్టు మీద రెల్లు తెల్లగా పూసి ఉంటుంది. ఫ్యాను అయిదు నుంచి రెండుకి దిగుతుంది. తెల్లారేసరికి కాళ్ళ దగ్గరున్న దుప్పటి దానంతటదే గెడ్డం దాకా పాక్కుంటూ వస్తుంది. అలాంటి దుప్పటిని వదిలేసి లేచేవాడు మనిషేనా అని నా అనుమానం. నాది జిరాక్స్ షాపు. పదింటికి తెరుస్తాను. పది లోపల లోకంలో ఎవరికీ ఏ కాగితానికీ కాపీ అక్కర్లేదని పదిహేనేళ్ళుగా నమ్ముతూ వస్తున్నాను.

అయితే ఖర్మ ఏమిటంటే, తాటిపళ్ళు రాలిపడేదీ ఈ రోజుల్లోనే. అవి పదింటిదాకా ఆగవు.

మా ఊరు కళింగపట్నం రోడ్డు మీద. ఊరి చివర పొలం గట్టు మీద ఆరు తాటిచెట్లున్నాయి. మా దగ్గర తాటిపండు ఎవరూ కొనరు, ఎవరూ అమ్మరు. చెట్టు ఎవరిదైనా కావచ్చు, రాలిన పండు ముందు చెయ్యేసినవాళ్ళది. ఎక్కడా రాసిలేదు గానీ గవర్నమెంటు జీవో కంటే గట్టిగా అమలవుతుంది. ఇంకో రూలు కూడా ఉంది. ఏరిన పళ్ళు వెంటనే ఇంటికి మోసుకెళ్ళలేకపోతే, ఒక పక్కన పోగేసి, పైన ఏదైనా కప్పి రాయి పెడతారు. రాయి ఉందంటే అది ఒకరిది. ఇంకెవరూ ముట్టుకోరు.

ఈ రెండో రూలు గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

మంగళవారం రాత్రి అన్నం తింటుంటే మా ఆవిడ సుగుణ అంది: "శనివారం మనింట్లో కాటేజీ ప్రేయరు మీటింగు కదా. అయ్యగారొస్తారు, ఓ పాతికమందైనా వస్తారు. బిస్కెట్లు పెడితే ఏం బాగుంటాది? తాటిరొట్టె చేద్దామనుకుంటన్నాను."

మా ఆవిడ తాటిరొట్టె మీరు తినలేదు గదా! పండు పీచులోంచి గుజ్జు పిండి, బియ్యపురవ్వ, బెల్లం, కొబ్బరి ముక్కలు కలిపి, దళసరి గిన్నెలో పోసి, కిందా పైనా నిప్పులు పెడుతుంది. అడుగున మాడీ మాడని చెక్కు కడుతుంది చూడండీ, ఆ చెక్కు కోసం మా పాస్టరు అయ్యగారు ఆశీర్వాద ప్రార్థన సగానికి తగ్గించిన సందర్భాలున్నాయి.

"చెయ్యి మరి, ఎవరొద్దన్నారు?" అన్నాను.

"పళ్ళెవరు తెస్తారు?"

"నేను తెస్తాను."

సుగుణ కలిపిన ముద్ద కంచంలోనే ఆపింది. "మీరా? తెల్లారగట్ల లేచా?"

ఆ 'మీరా' ఉందే, అది గుచ్చుకుంది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ఈ పద్దెనిమిదేళ్ళలో ఒక్క తాటిపండు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టలేదట. అది నిజమే కాబట్టి కోపం ఇంకాస్త ఎక్కువొచ్చింది. "శనివారానికి పళ్ళు తేకపోతే నా పేరు ప్రకాశం కాదు!" అన్నాను.

"సరే. ఏ పేరు పెట్టాలో ఆలోసిస్తాను" అని లేచి చెయ్యి కడుక్కుంది.

బుధవారం ఆరింటికి లేచాను. అంటే నా లెక్కలో అర్ధరాత్రి. గట్టెక్కేసరికి చెట్ల కింద పళ్ళు పడిన గుంటలున్నాయి, పళ్ళు లేవు. ఎదురుగా సూరమ్మ పెద్దమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తోంది. మాకు నాలుగిళ్ళ అవతల ఉంటుంది. డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, అయినా ఊళ్ళో కోడి ఆవిడ లేచాకే కూస్తుంది. ఆవిడకి కావలసింది పండు కాదు, లోపలి టెంకలు. వాటిని పాతర వేసి, మొలకెత్తాక తవ్వి తీసిన తేగలు ఊరంతా పంచుతుంది. అదే ఆవిడ సరదా.

"ఏటి బాబూ, ఇంత పొద్దున్నే?" అంది.

తాటిపళ్ళ కోసం అని చెప్పొచ్చు కదా? చెబితే బుట్టలోంచి రెండు తీసి ఇచ్చేసేది కదా? కానీ డెబ్భై ఏళ్ళ మనిషి చేతిలో ఓడిపోయానని ఎలా ఒప్పుకోను!

"వాకింగు పెద్దమ్మా. షుగరు రాకుండా."

"మంచిదే నాయినా. నడు నడు. పొట్ట తగ్గతాది" అని దీవించి వెళ్ళిపోయింది.

గురువారం అయిదున్నరకి వెళ్ళాను. "ఇయ్యేలా వాకింగేనా?" అంది పెద్దమ్మ, బుట్ట సర్దుకుంటూ. శుక్రవారం అయిదుం పావుకి వెళ్ళాను. బుట్టలో పళ్ళు, పక్కన పెద్దమ్మ, ఎదురుగా నేను. "బాబూ, నీకు నిద్దర పట్టట్లేదేటిరా? అప్పులేటైనా సేసినావా?" అని నిజంగానే బెంగ పడింది. ఇంటికొస్తే సుగుణ ఒట్టి చేతులు చూసి, ఏమీ అనకుండా టీ ఇచ్చింది. ఏమైనా అన్నా బాగుండును.

శనివారం. ఆఖరి రోజు. అయిదింటికే గట్టు మీద ఉన్నాను. ఆశ్చర్యం, పెద్దమ్మ లేదు! చెట్ల కింద వెతికాను. పండూ లేదు. మట్టి మీద పాదాల గుర్తులు మాత్రం ఉన్నాయి. నాకంటే ముందే వచ్చి వెళ్ళిపోయిందన్నమాట. ఇక ఓడిపోయాననుకుని, పక్కనున్న మోటారు షెడ్డు వెనక్కి వెళ్ళాను. ఎందుకని అడక్కండి. పొద్దున్నే టీ కూడా తాగని మగాడు షెడ్డు వెనక్కి ఎందుకు వెళతాడు?

వెళ్ళినవాణ్ణి వెళ్ళినట్టే ఆగిపోయాను. వాసన! పండిన తాటిపండు వాసన ఎక్కడున్నా దాగదు. షెడ్డు గోడ వారగా ఒక గోనె పరిచి ఉంది. దాని కింద ఎత్తుగా ఏదో ఉంది. ఎత్తి చూద్దును కదా, ఎనిమిది పళ్ళు! ఒక్కొక్కటీ చిన్న కుండంత. నల్లగా, నిగనిగలాడుతూ, ముచ్చికల దగ్గర పసుపు తొంగిచూస్తూ.

ఇక్కడ నా బుర్ర ఎంత చక్కగా పనిచేసిందో వినండి. రాత్రి గాలికి పళ్ళు రాలాయి. రాలి, దొర్లుకుంటూ వచ్చి షెడ్డు వెనక ఆగాయి. అదే గాలికి ఎక్కడిదో గోనె ఎగిరొచ్చి వాటి మీద పడింది. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ గాలే గోనె నాలుగు మూలలా నాలుగు రాళ్ళు కూడా పెట్టి వెళ్ళిందా అని మాత్రం ఆలోచించలేదు. ఎందుకు ఆలోచించలేదంటే, అప్పటికే ఆ రాళ్ళు తీసి పొలంలోకి విసిరేశాను కాబట్టి.

అదే గోనెలో పళ్ళన్నీ వేసుకుని భుజానికెత్తుకున్నాను. వీధిలోంచి కావాలనే నెమ్మదిగా నడిచాను. నలుగురూ చూడాలి కదా!

గుమ్మంలో సుగుణ ముందు దబ్బున దింపాను. "లెక్కపెట్టుకో!"

సుగుణ పళ్ళు చూసింది. గోనె చూసింది. నన్ను చూసింది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎక్కడ దొరికాయేటి?"

"దొరకడమేమిటి? కష్టపడ్డాను. చెట్టెక్కినంత పనైంది."

"అలాగా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఆనందబాష్పాలనుకున్నాను.

రోజంతా ఇల్లు తాటిపండు వాసనతో నిండిపోయింది. సాయంత్రం చిన్న తుంపర పడి ఆగింది. వచ్చేవాళ్ళ కాళ్ళ బురద లోపలికి రాకుండా ఆ గోనెనే దులిపి గుమ్మంలో వేశాను. చూశారా, సాక్ష్యాధారాన్ని నా చేత్తో నేనే వీధిగుమ్మంలో పరిచాను!

మీటింగుకి పాతికమంది అనుకుంటే నలభైమంది వచ్చారు. రొట్టె వాసన మైకు కంటే దూరం వెళ్ళినట్టుంది. పాటలయ్యాయి. అయ్యగారు కళ్ళద్దాలు సర్దుకుని, "ఈ వారం దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా సాక్ష్యం చెబుతారా?" అన్నారు. మామూలుగా ఆ మాట వినగానే నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగుతాను. ఆ రోజు లేచి నిలబడ్డాను. సుగుణ వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగింది. సిగ్గుపడుతోంది పాపం అనుకున్నాను. మైకు అందుకున్నాను.

"ప్రభువునందు ప్రియమైన వారందరికీ నా వందనాలు. ఈ వారమంతా ఈ బలహీనుడు తాటిపళ్ళ కోసం తిరిగాడు. ఒక్కటీ దొరకలేదు."

"ఆమేన్" అన్నారు ఎవరో తొందరపడి.

"ఈ ఉదయం ఆ చెట్ల కింద మోకరించాను. కళ్ళు మూసుకుని ప్రార్థించాను." ఏ పని మీద షెడ్డు వెనక్కి వెళ్ళానో మీకు తెలుసు. "కళ్ళు తెరిచాను. ఏముంది నా ఎదురుగా? ఎనిమిది పళ్ళు! ఏ మనిషీ పెట్టలేదు. ఏ మనిషీ ఇవ్వలేదు. పైనుంచి దేవుడే ఇచ్చాడు!"

"స్తోత్రం!" అన్నారు నలభైమందీ. సుగుణ గట్టిగా దగ్గింది. ఇంకో రెండు మాటలు చెబుదామని ఊపిరి తీసుకున్నాను.

"ఎవుడిచ్చినాడూ?"

గుమ్మంలో సూరమ్మ పెద్దమ్మ. చంకలో సంచి, ముఖం నిండా చెమట. పొద్దున్నే నౌపడలో ఉన్న కూతుర్ని చూడ్డానికి వెళ్ళి, అప్పుడే ఆటో దిగిందట. వీధి మొగలోంచి మైకులో నా సాక్ష్యం మొత్తం విందట.

"ఏటీ, ఏ మనిసీ ఇవ్వలేదా? మూడ్రోజులు మోకాళ్ళు ఇరగ్గొట్టుకుని ఏరినాను. ఇంటికాడ ఎడితే మేకలు కొరికేస్తాయని సెడ్డెనక ఎట్టినాను. గోనె కప్పినాను. నాలుగు రాళ్ళెట్టినాను. పొద్దున్నే బండికెల్లిపోవాల, నువ్వే తెచ్చుకోయే అని నీ పెళ్ళానికి నిన్న సెప్పినాను. ఇప్పుడు ఆ దేవుడు ఇచ్చినాడంటావా? నానిచ్చినాన్రా బాబూ!"

నేను సుగుణ వైపు చూశాను. సుగుణ పైకప్పు వైపు చూస్తోంది.

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. ఆపడం ఎలాగో మర్చిపోయాను. అందులోనే అడిగాను: "అంటే... నీకు తెలుసా?"

"పళ్ళు ఏరి పెట్టమని బుధవారం మీరు లేవకముందే పెద్దమ్మకి సెప్పేశాను" అంది సుగుణ. "నాలుగు రోజులు లేచారు కదా పాపం, ఇంట్లో గొప్పగా సెప్పుకుంటారని ఊరుకున్నాను. మైకులో సెప్తారని నాకేటి తెలుసు?"

ఈ మాట కూడా మైకులో వీధి చివరిదాకా వెళ్ళింది.

నలభైమందీ ఒక్కసారి నవ్వారు. అయ్యగారు మాత్రం నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ మెల్లగా అడిగారు: "పళ్ళు ఎన్నన్నావు బాబూ?"

"ఎనిమిదండి."

"పది ఆజ్ఞల్లో దొంగతనం చెయ్యకూడదన్నది కూడా ఎనిమిదోదే" అన్నారు. అప్పుడు ఆయన కూడా నవ్వారు.

"మా ఇంటికి రావలసిన పళ్ళే కదండీ! దొంగతనం ఎలా అవుతుంది?" అన్నాను ఆఖరి ఆశగా.

"అది నీకు తెలిసి తెచ్చావా?"

ఇలాంటి ప్రశ్నలు వేస్తారనే నేను సాక్ష్యాలు చెప్పను.

ఇంతలో పెద్దమ్మ కాళ్ళ కిందికి చూసింది. "ఓలమ్మా! నా గోనె! దీని మీద సెప్పులిప్పీసినారా?" అని వంగి దాన్ని లాగింది. మూల ఎర్రదారంతో వేసిన మాసిక అందరికీ చూపించింది. నలభై జతల చెప్పులు చిందరవందరయ్యాయి. సుగుణ పరుగున వెళ్ళి రొట్టెలో అడుగు చెక్కు పెద్ద ముక్క కోసి ఆవిడ చేతిలో పెట్టింది. అయ్యగారు ఆ ముక్కనే చూస్తూ ఉండిపోయారు. పెద్దమ్మ నమిలింది. ఆగింది. మళ్ళీ నమిలింది.

"రొట్టి బాగున్నాది" అంది. "టెంకలేవి?"

"పెరట్లో జాగ్రత్తగా పెట్టాను పెద్దమ్మా, ఒక్కటీ పారెయ్యలేదు" అంది సుగుణ.

"అయితే రేపు మీ గుడయ్యాక ఈడిని పారట్టుకుని పంపు. నా పాతర ఈడే తవ్వాల. వాకింగు బాగా సేస్తన్నాడు కదా, ఒంట్లో బలముంటాది."

ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ పెరట్లో నడుం లోతు గొయ్యి తవ్వాను. జిరాక్స్ మిషను మీద బటను నొక్కే చేతులండీ ఇవి! ఆవిడ అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళందరికీ, "దేవుడిచ్చిన కూలోడు" అని నన్ను పరిచయం చేసింది. అరచేతుల్లో బొబ్బలు. ఇవిగో, చూడండి. అందుకే గ్లాసు ఇలా అంచు పట్టుకుని తాగుతున్నాను.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండును.

నిన్న పొద్దున్న అలవాటైపోయి అయిదింటికే మెలకువొచ్చేసింది. సరే అని గట్టు మీదికి వెళ్ళాను. మంచు పల్చగా పట్టి, పొట్టకొచ్చిన వరి మీంచి ఒక రకమైన తియ్యని వాసన. పెద్దమ్మ ఇంకా రాలేదు. నిలబడ్డాను. ధబ్!

నా ఎదురుగా, నాలుగడుగుల దూరంలో, ఒక తాటిపండు పడింది. నా కళ్ళ ముందే. గోనె లేదు. రాయి లేదు. మనిషి లేడు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి అచ్చంగా నాది! సుగుణ చేతిలో పెట్టి, ఏ అబద్ధమూ ఆడక్కర్లేకుండా 'ఇది నేను తెచ్చాను' అనవచ్చు.

వంగబోయి ఆగాను. ఎందుకైనా మంచిదని చుట్టూ చూశాను. షెడ్డు వెనక్కి వెళ్ళి చూసొచ్చాను. గట్టు కింద ఎక్కడైనా రాళ్ళున్నాయేమో వెతికాను. ఎవరినైనా అడిగి తీసుకుందామని ఊరి వైపు చూస్తూ నిలబడ్డాను.

సూరమ్మ పెద్దమ్మ వచ్చింది. నన్ను చూసింది. పండు చూసింది. వంగి, తీసి, బుట్టలో వేసుకుంది.

"ఏటిరా అలా సూస్తన్నావు? పండు రాలితే ఏరుకోవాల గానీ" అని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు సుగుణకి చెప్పాను. చాలాసేపు నవ్వింది. టీ ఇచ్చింది. ఇచ్చి, గ్లాసు వదలకుండా అంది: "మీకు దణ్ణమెడతాను. ఈ సాక్ష్యం మాత్రం ఎక్కడా సెప్పకండి."

అలాగే అన్నాను. అందుకే మైకు లేకుండా చెబుతున్నాను.