నాచు మీద డాక్టరేట్, మేకు మీద కోటు

1976లో నర్సీపట్నం బస్టాండు ఎదురుగా ఉండేది నా టైలరింగ్ షాపు. ఊళ్లో కోటు కుదురుగా కుట్టేవాణ్ని నేనొక్కణ్నేనని కాస్త గీర కూడా ఉండేది. ఆ వానాకాలం బోటనీ లెక్చరర్ సూర్యారావు గారు బూడిదరంగు గుడ్డ పట్టుకొచ్చారు.

"పీహెచ్‌డీలో చేరానండీ. వైవాకి కోటు కావాలి."

వైవా అంటే, రాసిన థీసిస్ గురించి పెద్దలు ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడగడం అని ఆయనే చెప్పారు.

"ఎప్పుడండీ అది?"

"రెండేళ్లు పట్టొచ్చు."

చేరిన వారానికే వైవా కోటుకి కొలతలిచ్చిన మహానుభావుడాయన. వాళ్లింట్లో అంత చదువు చదివినవాళ్లు లేరు, ఇదీ సంగతని చెప్పేవాళ్లూ లేరు. ఇంతకీ పరిశోధన దేనిమీదంటే, ఏజెన్సీ కొండల్లో రాళ్లకు పట్టే నాచు మీదట.

"నాచు మీద కాలు జారడం తప్ప ఇంకేటుంటాదండీ?" అన్నాను. ఆయన నవ్వేశారు.

కోటుకి ట్రయల్ తప్పదు. ముక్కలు కత్తిరించి, చేత్తో కచ్చా కుట్లు వేసి, ఒంటిమీద పెట్టి చూస్తాం. ఆ ట్రయల్ అయ్యాక ఆయన, "తేదీ వచ్చాకే మెషిన్ మీద కుట్టండి" అన్నారు. సరేనని మేకుకి తగిలించాను.

రెండేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. వాన పడితే చాలు ఆయన కొండకెళ్లే బస్సెక్కేవారు. బురద కాళ్లతో దిగి, నా బల్లమీద కూర్చుని కోటు వంక చూసేవారు. ఇంతలో గైడ్, అంటే పరిశోధన చేయించే ప్రొఫెసర్, రిటైరయ్యారు. కొత్తాయన సగం మళ్లీ రాయమన్నారు.

"కోటు ఇంకెవరికైనా ఇచ్చేయండి. నాకు రాసిపెట్టి లేదు" అన్నారొకరోజు.

"మీ భుజాలకి కత్తిరించింది ఇంకోరికెలా ఇత్తానండీ? వేళ్లాడనీండి" అని కసిరాను. దాన్ని పూర్తి చేయాలని నాకూ ఆశగా ఉండేది మరి.

ఎనభై మూడులో తేదీ వచ్చింది. ఈలోగా ఆయన నడుం పెరిగింది. కుట్టు లోపల వదిలిన గుడ్డని మార్జిన్ అంటాం. అది ఉండబట్టి సరిపోయింది. డాక్టరై తిరిగొచ్చి బజారంతా మిఠాయిలు పంచారు.

మరుసటి వానాకాలం ఒక మధ్యాహ్నం గొడుగుతో వచ్చి కూర్చున్నారు. ఖాళీ మేకు చూస్తూ, "బెంగగా ఉందండీ" అన్నారు.

"పట్టా వచ్చేక బెంగేటండీ?"

"ఇన్నాళ్లూ వాన పడితే కొండకెళ్లాలని ప్రాణం లాగేది. ఇప్పుడు గొడుగేసుకుని ఇంటికి పోతున్నాను. డాక్టరేట్ వచ్చేసింది, ఇంక దేనికెళ్తాను?"

"వచ్చేసిందని నాచుకేటి తెలుసండీ? బేగి వెళ్లండి, బస్సు కదిలేలా ఉంది."

ఆయన చటుక్కున లేచారు. గొడుగు బల్ల దగ్గరే మరిచిపోయి, తడుస్తూ బస్సు వైపు నడిచారు. నేను వెనక్కి పిలవలేదు.

చదువు మీది ఆరాటం పట్టాతో తీరేది కాదని ఆయన్ని చూశాకే తెలిసింది. నా పనీ అంతే. ఆ తర్వాత ఎన్ని కోట్లు కుట్టి ఇచ్చానో. ఆ మేకు వంక చూసినప్పుడల్లా మాత్రం, కచ్చా కుట్ల మీద వేళ్లాడిన ఆ కోటు కోసమే మనసు లాగుతుంది.