లింగయ్య గీసిన యాదయ్య బొమ్మ

మోత్కూర్ దగ్గరి ఒక ఊళ్లో లింగయ్యది మోటార్ వైండింగ్ దుకాణం. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, పాత తీగ పీకి, కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాడు. పనిమంతుడే. తెలంగాణ వచ్చిన నాలుగేళ్లకు కరెంటు ఇరవై నాలుగు గంటలూ నిలకడగా రావడం మొదలైంది. మోటార్లు కాలడం తగ్గింది, లింగయ్యకు తీరిక పెరిగింది. తీరిక దొరికిన మనిషి హాయిగా కాళ్లు చాపుకొని పడుకోవచ్చు కదా. పడుకోలేదు, బొమ్మల మీద పడ్డాడు.

మిగిలిన రాగి తీగతో నెమలి చేశాడు. గాజు పలక మీద నల్ల గీతలు గీసి, రంగులు నింపి, వెనక ముడతలు పెట్టిన వెండి కాగితం అంటించి చిలకల జంట వేశాడు. పిస్తా పెంకులకు రంగులద్ది పూలగుత్తులు కట్టాడు. థర్మాకోల్‌తో చార్మినార్ కడితే ఒక మినార్ పొట్టిదైంది, దాని కింద అట్టముక్క దోపి సరిచేశాడు. ఒకటి సగం చేతికి రాగానే ఇంకోటి పట్టుకోవడం ఆయనకు అలవాటు. చేసినవన్నీ వద్దన్నా వినకుండా ఇంటింటికీ పంచేవాడు. వాళ్లు మొహమాటానికి "మస్తుగుంది లింగన్నా" అని బీరువా మీద పెట్టేవారు. పిచ్చి మనిషి, ఆ మాటలన్నీ నిజమనే నమ్మాడు.

"మస్తుగుందన్నోళ్లు ఒక్కలన్న ఇంకోటి చేసియ్యమని అడిగిన్రా?" అని భార్య నిర్మలమ్మ దెప్పేది.

"నీకేం ఎరుకనే దీని సంగతి" అనేవాడు.

అట్లా ఉండగా ఎదురింటి యాదయ్య పత్తి చేన్లో కుప్పకూలి ప్రాణం విడిచాడు. యాభై ఏళ్లయినా నిండలేదు. పోయినవాడి దినాలనాడు ఆయనకు ఇష్టమైనవన్నీ వండి, ఫోటో ముందు విస్తరిలో పెట్టి, అయినవాళ్లంతా ఏడ్చి సాగనంపాలి. ఇక్కడే వచ్చింది చిక్కు. యాదయ్యకు ఫోటో అంటే సిగ్గు. సెల్‌ఫోన్ ఎత్తితే చాలు, ముఖం తిప్పుకునేవాడు. కూతురి పెళ్లి ఆల్బమ్‌లో కూడా కాళ్లు కడుగుతూ తల వంచుకునే ఉన్నాడు. ఉన్నదల్లా ఆధార్ కార్డు మీది గోరంత బొమ్మ. దాన్ని పెద్దది చేయిస్తే ముఖమంతా పొగ కమ్మినట్టు వచ్చింది.

"మొఖమన్న లేకపాయె. గా అన్నం ఎవలికి పెట్టాలె నేను" అని యాదయ్య భార్య గోపమ్మ గోడకు ఒరిగి ఏడ్చింది.

పరామర్శకు వచ్చి అరుగు మీద కూర్చున్న లింగయ్య, "నేను గీస్త చెల్లె" అన్నాడు. ఎవరూ అడగలేదు. తనంతట తానే అన్నాడు.

అప్పటిదాకా ఆయన మనిషి ముఖం గీసి ఎరుగడు. అయినా చెక్క పలక తెచ్చి, దుకాణం వెనక అర్రలో ఆయిల్ రంగులు పెట్టుకొని కూర్చున్నాడు. గోపమ్మ చెప్పిన గుర్తులన్నీ వేశాడు. కోల ముఖం, పలచటి మీసం, ఎడమ కనుబొమ్మ మీద ఎద్దు కొమ్ము తగిలిన మచ్చ. తీరా కండ్ల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. ఇరవై ఏండ్లు ఎదురెదురు ఇండ్లలో బతికి, కలిసి చాయ్ తాగి, కలిసి పెండ్లిండ్లకు పోయి, యాదయ్య కండ్లు ఎట్లా ఉండేవో ఆయనకు తెలియదు. పోయి అడగాలంటే నామోషీ అనిపించింది. అంత గొప్పగా చెప్పి వచ్చాడాయె.

గడ్డం గీసుకునే అద్దం తెచ్చి ఎదురుగా పెట్టుకున్నాడు. కనురెప్ప ఎట్లా ముడుచుకుంటుందో చూద్దామని, అంతే. తర్వాత ముక్కు పక్కన నీడ ఎట్లా పడుతుందో చూశాడు. తర్వాత పెదవులు. ఆరో రోజుకు బొమ్మకు ప్రాణం వచ్చింది. ఆయన చేసిన వాటిలో ప్రాణం వచ్చిన బొమ్మ అదొక్కటే. సంబరంతో అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఎంత చూసినా బాగా తెలిసిన ముఖమే అనిపించింది. తెలియక ఏం చేస్తుంది, రోజూ చూసుకునేదే కదా.

ముందే తీసుకెళ్లి గోపమ్మకు చూపిస్తే సరిపోయేది. అదీ చేయలేదు. అందరూ ఒక్కసారే చూడాలని దినాలనాడు పొద్దున తువ్వాల కప్పి తెచ్చాడు. ఏడ్చి ఏడ్చి కండ్లు వాచిన గోపమ్మ ఆ మీసాన్ని, ఆ మచ్చను చూసి, కుర్చీలో పెట్టించి, బొట్టు పెట్టి దండ వేసింది. లింగయ్య ఆ కుర్చీ పక్కనే నిలబడ్డాడు, ఎవరు గీశారని వెతుక్కునే పని లేకుండా.

మొదట ఏడ్వాల్సింది ఆడబిడ్డ. యాదయ్య అక్క సత్తెమ్మ ఆలేరు నుంచి వచ్చి, "నన్నిడిచి పోతివా తమ్మీ, నాకు దిక్కెవరు తమ్మీ" అని రాగం తీస్తూ విస్తరి ముందు కూలబడింది. కొంగుతో కండ్లు తుడుచుకుని తల ఎత్తింది. రాగం ఆగిపోయింది. బొమ్మను చూసింది, పక్కన నిలబడ్డ లింగయ్యను చూసింది, మళ్లీ బొమ్మను చూసింది.

"గీన లింగయ్య గదా. మా తమ్ముడేడి?"

టెంట్ కింద తలలన్నీ బొమ్మ వైపు తిరిగాయి. వెనక ఎవడో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చాడు. మాట వినపడి, వడ్డిస్తున్న నిర్మలమ్మ గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. చూసింది. తన మొగుడి ముఖానికి దండ, ముందు దీపం, ఊదుబత్తీలు. ఇక ఆమెకు గోపమ్మ కనపడలేదు, బంధువులు కనపడలేదు.

"బతికున్నోనికి దండేస్తరా. నా పుస్తె మీదికి తెస్తరా" అంటూ దండ తెంపి విసిరేసింది. బొమ్మను బోర్లా పడేసింది. తెగిన దండ వచ్చి యాదయ్యకు పెట్టిన అన్నంలో పడింది.

గోపమ్మ లేచింది. లోపలికి పోయి ఇంకో విస్తరి తెచ్చింది. ఆధార్ కార్డు తెచ్చి రాగి చెంబుకు ఆనించి పెట్టింది. ఆ గోరంత ముఖానికి మళ్లీ అన్నం వడ్డించింది. వచ్చినవాళ్లంతా ఒక్కొక్కరే వంగి, కండ్లు చికిలించి, యాదయ్యను చూసి పోయారు. లింగయ్య గోడవారగా జరిగి జరిగి, వాళ్ల దొడ్డి దారిన బయటపడి, తన ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. భూమి చీలితే దూరిపోయేవాడు.

ఊరు ఊరుకుంటుందా? గోపమ్మ మొగుణ్ని మార్చుకుందట అని కల్లు మండువ దగ్గర పరాచికాలు పుట్టాయి. పాపం ఆమె రెండు నెలలు గడప దాటలేదు. లింగయ్య ఆ పలకను గొడ్డలితో కొట్టి పొయ్యిలో పెట్టాడు. రంగు డబ్బాలు పెంటకుప్ప మీద పారబోశాడు. సిగ్గు మాత్రం పోలేదు. చివరికి ఒకరోజు పగటిపూట, నిర్మలమ్మను వెంటబెట్టుకొని గోపమ్మ గడప ముందుకు వెళ్లాడు.

నిర్మలమ్మ ముందుగా ఆమె చేతులు పట్టుకుంది. "దండ మీద చెయ్యేసిన. తప్పయింది గోపమ్మా."

"నువ్వేం చేసినవక్కా. నీ జాగల నేనున్నా గదే చేద్దును."

లింగయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. "చెల్లె, మళ్ల గీస్త. గీసారి అద్దం ముట్ట. నువ్వు పక్కన కూసొని కండ్లు గిట్లుంటయని చెప్పు, గట్లనే ఏస్త."

గోపమ్మ ఆయన వైపు చూడలేదు. వాకిట్లోకి చూస్తూ, కోపం లేకుండా, మెల్లగా చెప్పింది.

"ఏం చెప్పాలె లింగన్నా. నాకే యాదికొస్తలేదు. గా దినాల కాన్నుంచి కండ్లు మూసుకుంటె మచ్చ కానొస్తాంది, మీసం కానొస్తాంది. నడుమ నీ మొఖమే వస్తాంది. ఆయన వస్తలేడు."

లింగయ్య అడుగు వెనక్కి వేశాడు.

"నాకొక్కటి చెయ్యి" అంది గోపమ్మ. "కొన్నొద్దులు నాకు కండ్లవడకుండ తిరుగు. నిన్ను చూడకుంటె ఆయన మళ్ల వస్తడేమో."

ఆ వారమే లింగయ్య దుకాణాన్ని మోత్కూర్‌లో కిరాయి జాగాకు మార్చాడు. ఇంటి ముందు తలుపుకు గొళ్లెం పెట్టి, దొడ్డి వైపు గోడ పగలగొట్టి వాకిలి పెట్టించుకున్నాడు. ఇప్పటికి ఆరేండ్లు దాటింది. ఎదురింట్లో గోపమ్మ కోళ్లను అదిలించే చప్పుడు రోజూ వినపడుతుంది. యాదయ్య ముఖం ఆమెకు తిరిగి వచ్చిందో లేదో లింగయ్యకు తెలియదు. అడగాలంటే ఆమె ఎదుట పడాలి.